కుట్టకూడని గాయం

అక్టోబర్ 1, బుధవారం

అన్న మామిడాకులు కోయడానికి వెనక గోడ ఎక్కాడు. కాలు జారి గోడ మీది ఇనుప చువ్వ మీద పడ్డాడు. చువ్వ కుడి తొడలో దిగింది.

ఎవరడిగినా ఇదే చెప్పాలని నాన్న అన్నాడు. నాకు నోటితో అబద్ధం చెప్పడం రాదు. నిజం చెప్పడమూ పెద్దగా రాదు. అందుకే ముందు రాసి చూసుకుంటున్నాను. చదివితే బాగానే ఉంది. ఒక్కటే ఇబ్బంది, మా వెనక గోడకు చువ్వల్లేవు. తెల్లాపూర్‌లో ఈ గేటెడ్ కమ్యూనిటీల గోడల మీద ఉండేది కరెంటు తీగె. షాక్ కొట్టిందని చెప్పినా కాస్త నమ్మేవాళ్ళు.

జరిగింది ఇది. ఆయుధ పూజకు హాల్లో అమ్మవారి పటం పెట్టి, ముందు వరసగా కారు తాళాలు, నా ల్యాప్‌టాప్, అన్న ల్యాప్‌టాప్, అమ్మ మిక్సీ, ఇల్లు ఊడ్చే రోబో, నాన్న రివాల్వర్ పెట్టారు. అన్నిటికీ పసుపు, కుంకుమ. రివాల్వర్‌కు లైసెన్సు ఉంది. ప్రొద్దుటూరులో భూముల వ్యాపారం చేసే రోజుల్లో తీసుకున్నాడు. ఇక్కడికి వచ్చాక దాన్ని ఏటా పూజకు మాత్రమే బీరువాలోంచి తీస్తాడు. ఎప్పుడూ ఖాళీగా పెట్టేవాడు. ఈసారి తూటాలు వేసి పెట్టాడు. ఎందుకని అమ్మ అడిగింది.

"ఉత్త చెంబు పెట్టి కలశమంటామా అనసూయా?" అన్నాడు.

పూజ పేరెత్తితే మా ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పరు.

హారతి అయ్యాక నాన్న రివాల్వర్ కళ్ళకద్దుకుని, దాని మీది కుంకుమ తుడవబోయాడు. అన్న కింద గొంతుక్కూర్చుని దీపం వత్తి ఎగదోస్తున్నాడు. పేలింది. తూటా అన్న తొడలో ముందునుంచి దూరి, వెనకనుంచి బయటికొచ్చి, రోబోలో ఆగింది. దారిలో ఏదో అడ్డంగా ఉంది, దయచేసి తొలగించండి అని రోబో ఇంగ్లిష్‌లో చెప్పింది.

తర్వాత అమ్మ పూజ పళ్ళెంలోని పసుపు గుప్పెట్లోకి తీసుకుని రెండువైపులా కుక్కింది. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో టపాకాయలు కాల్చకూడదని ఎన్నిసార్లు చెప్పాలని పెట్టారు. నాన్న దానికి బొటనవేలు గుర్తు పెట్టాడు.

పెద్దాసుపత్రికి పోతే పోలీసు కేసవుతుంది. అందుకని మణికొండలో అన్న స్నేహితుడు మహేశ్ దగ్గరికి తీసుకెళ్ళారు. మహేశ్ డాక్టరే. బట్టతలకు జుట్టు నాటుతాడు. రెండు గాయాలనూ కడిగి, రెంటినీ కుట్టాడు. చాలా సన్నని కుట్టు, చీర అంచుకు పీకో చేసినట్టు ఉంది. టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చాడు, మాత్రలు రాశాడు.

"మచ్చ కూడా మిగలదు అంకుల్. ఎవరూ కనిపెట్టలేరు" అన్నాడు.

బుల్లెట్ బయటికి పోయింది, ఇంకేముంది అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేను కూడా.

అక్టోబర్ 2, గురువారం

దసరా, గాంధీ జయంతి ఈ ఏడు ఒకే రోజు వచ్చాయి. మాంసం కొట్లు మూసేశారు. మా ఇంట్లో నిన్నటికీ ఈ రోజుకూ కలిపి అహింస విషయంలో లెక్క సరిపోయినట్టుంది.

సాయంత్రం పక్క విల్లా శ్రీనివాసరావుగారు జమ్మి ఆకు పట్టుకుని వచ్చారు. రిటైరైన ఇంజనీరు, భీమవరం మనిషి, కాలనీ సంఘానికి కార్యదర్శి. అబ్బాయికి ఏమైందని నన్నే అడిగారు. గోడ, చువ్వ అన్నాను.

"ఏ గోడండి? మన గోడలకి చువ్వల్లేవు కదా. నేనే వద్దన్నాను."

పాయసం తెస్తానని లోపలికొచ్చాను. మళ్ళీ బయటికి పోలేదు. పాయసం అమ్మ ఇచ్చింది.

అన్నకు కొంచెం జ్వరం. మాత్ర వేశారు. తగ్గుతుంది.

అక్టోబర్ 3, శుక్రవారం

నొప్పి చాలా ఎక్కువగా ఉందంటున్నాడు. తగ్గుతుంది. మహేశ్ డాక్టర్ కదా.

ఆఫీసులో పని తక్కువగా ఉంది. నా పని సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో రాయడం. ఎవరూ చదవరు. ఏదైనా పాడయ్యాక చదివి, మమ్మల్ని తిడతారు. ఈ రోజు అలాంటిదే ఒకటి చదివాను, యుద్ధంలో గాయాలకు వైద్యం ఎలా చేయాలో చెప్పే పాత పుస్తకం. ఊరికే చదివాను.

తూటా పోయిన దారి మాత్రమే గాయం కాదట. అది పోతూ చుట్టూ ఉన్న కండను పక్కకు తోసి నలిపేస్తుంది. బయటికి కనిపించేది చిన్న కన్నం, లోపల చచ్చిన కండ దానికి ఎన్నో రెట్లు. ఒంటి మీది బట్టను కూడా ముక్కలు చేసి లోపలికి లాక్కుపోతుంది. చచ్చిన కండలో గాలి ఆడదు. గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు కొన్ని ఉన్నాయి, వాటికి అంతకన్నా మంచి ఇల్లు దొరకదు. అందుకే కడగాలి, చచ్చినదంతా కోసి పారేయాలి, తెరిచి వదిలేయాలి, కొన్ని రోజులు చూశాకే మూయాలి. ముందే కుట్టేస్తే వాటిని లోపల పెట్టి తలుపు వేసినట్టే. తొందరపడి కుట్టిన సర్జన్ల గురించి ఆ పుస్తకంలో చాలా మర్యాదగా రాశారు. ఆ మర్యాద వెనక బూతులు వినిపిస్తాయి.

చెడిందనడానికి మొదటి గుర్తు, గాయానికి మించిన నొప్పి.

మా అన్నకు చిన్నప్పటినుంచీ గాయానికి మించిన నొప్పే. ముల్లు గుచ్చుకుంటే వీధి చివరిదాకా వినపడేది. కాబట్టి మా అన్న విషయంలో దీన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

అయినా మహేశ్‌కు మెసేజ్ పెట్టాను, కుట్లు విప్పాలేమో అని. తను వేసిన కుట్ల ఫొటో తనే పంపాడు. కింద, గూగుల్ చూసి భయపడకు భానూ అని రాసి నవ్వుతున్న బొమ్మ పెట్టాడు. కుట్లు నిజంగానే బాగున్నాయి.

అక్టోబర్ 4, శనివారం

ఉదయం అమ్మ అన్న పట్టుపంచె నా చేతికిచ్చింది. ఆయుధ పూజనాడు కట్టుకున్నదే. నెత్తురు పోయేదాకా చన్నీళ్ళలో నానబెట్టి ఆరేసిందట. తాతగారి పంచె, చిన్న చిరుగు పడింది, మియాపూర్‌లో రఫూ చేసేవాడి దగ్గరికి తీసుకెళ్ళమంది.

మంచం మీద పరిచి చూశాను. చిన్న చిరుగు కాదు. గొంతుక్కూర్చున్నప్పుడు కుచ్చిళ్ళన్నీ తొడ మీద మడతలు పడ్డాయి. తూటా అన్ని మడతల్లోంచీ పోయింది. పంచె విప్పి పరిస్తే ఆ చివరినుంచి ఈ చివరిదాకా కన్నాలు, అంచు జరీలో కూడా. కిటికీ వెలుగులో పట్టుకున్నాను. చిరిగితే అంచులు దగ్గరికి తెస్తే కలవాలి. ఇవి కలవడం లేదు. ఒక్కో కన్నంలో ఒక్కో ముక్క లేదు.

ఆ ముక్కలు హాల్లో లేవు. నేనే ఊడ్చాను, రోబో పాడైంది కదా.

అన్న గదిలోకి వెళ్ళాను. దుప్పటి తీయొద్దన్నాడు. తీశాను. తొడ ఉబ్బి నిగనిగలాడుతోంది. కుట్ల చుట్టూ చర్మం రాగి రంగు, ఒకచోట నీలం. వాసన. బొటనవేలితో మెల్లగా నొక్కాను. పార్సిళ్ళతో వచ్చే గాలి బుడగల కవరు నొక్కినట్టు లోపల చిటపటలాడింది. అన్న అరవలేదు. నాకు భయం వేసింది అప్పుడే. ఈ రోజు ఏ వారమని అడిగి, నేను చెప్పాక మళ్ళీ అదే అడిగాడు.

నాన్నను పిలిచాను. నాన్న చూసి కారు తీశాడు. పంచె సంచిలో పెట్టుకున్నాను. ఎవరం మణికొండ పేరెత్తలేదు.

కారు వెనక సీట్లో అన్న తల నా ఒళ్ళో ఉంది. దారిలో తెలివొచ్చింది. నా మణికట్టు పట్టుకున్నాడు. చెయ్యి కాలిపోతోంది.

"చువ్వ అనే చెప్పు పాపా. నాయనను జైలుకు పంపాకు."

తల ఊపాను.

పెద్దాసుపత్రి క్యాజువాల్టీలో సర్జన్ పేరు డాక్టర్ రేఖ. పొట్టి మనిషి, మగవాళ్ళ చేతి గడియారం. నాన్న చువ్వ కథ చెప్పాడు. నేను రాసుకున్నదానికన్నా బాగా చెప్పాడు, తుప్పు కూడా పెట్టాడు. ఆమె వింటూనే ఒక కుట్టు కత్తిరించింది. గోధుమరంగు నీరు, బుడగలు. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

ఆమె కాలు ఎత్తించి వెనకవైపు చూసింది. మళ్ళీ ముందు చూసింది.

"చువ్వ ఇటునుంచి దిగి అటు వచ్చిందన్నమాట. మళ్ళీ బయటికి ఎవరు లాగారండి?"

"నేనే" అన్నాడు నాన్న.

"ఇంత పసుపు ఎవరు పెట్టారు?"

"నేనే" అంది అమ్మ.

"కుట్టింది?"

ఎవరూ నేనే అనలేదు.

ఆమె చేతి తొడుగులు తీసేస్తూ చెప్పింది. విషం ఒంట్లోకి పాకుతోంది, ఇప్పుడే థియేటర్లోకి తీసుకెళ్తున్నాం, ప్రాణం దక్కాలి, ఆ తర్వాతే కాలు సంగతి. లోపల నేనేం వెతకాలో తెలిస్తే కోయాల్సినచోటే కోస్తాను, తెలియకపోతే ఎక్కడో ఒకటి మిగిలిపోతుంది, దానికోసం రేపు కాలే తీసేయాల్సి రావచ్చు. తర్వాత మా ముగ్గురివైపూ వరసగా చూసింది. నా దగ్గర ఆగింది. కాన్వెంటు స్కూల్లో సిస్టర్లు కూడా ఇలాగే ఆగేవాళ్ళు.

చెప్పాను.

"ఏంటమ్మా?"

మళ్ళీ చెప్పాను.

"ఇక్కడ మానిటర్ల మోత. గట్టిగా చెప్పు తల్లీ."

"రివాల్వర్ పేలింది. పట్టుపంచె ముక్కలు లోపలే ఉన్నాయి."

క్యాజువాల్టీ అంతా వినిపించింది. చెయ్యి విరిగి పక్క మంచం మీద కూర్చున్న ఒకాయన లేచి నిలబడ్డాడు. నేను సంచిలోంచి పంచె తీసి డాక్టర్ ముందు పరిచాను. ఆమె కన్నాలను వేలితో ఒక్కొక్కటిగా తాకి చూసింది. మా నాన్న ఇంటి కాగితాలు కూడా అంత శ్రద్ధగా చూడడు.

"లైసెన్సు ఉండాది మేడం" అన్నాడు నాన్న.

"సంతోషమండి" అని ఆమె లోపలికి పోయింది.

నేను అన్నకు మాటివ్వలేదు. తల ఊపాను. రెండూ ఒకటి కాదు.

అక్టోబర్ 5, ఆదివారం

కాలు ఉంది.

దీని తర్వాతి వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది. రేపు ఉంటుందో లేదో రేపు మళ్ళీ తెరిచి చూశాక చెబుతారట.

తొడను మోకాలి పైనుంచి తుంటిదాకా కోశారు. మూయలేదు, గుడ్డ కప్పి వదిలేశారు. బలమైన యాంటీబయాటిక్‌లు సెలైన్‌తో ఎక్కుతున్నాయి. ఇంత మందు ఎక్కిస్తూ మళ్ళీ కోయడమెందుకని నాన్న అడిగాడు. మందు నెత్తురులో పోతుంది, చచ్చిన కండకు నెత్తురు పోదు, మరి మందు ఎలా పోతుంది అంది డాక్టర్ రేఖ. బతికిన కండ ఎర్రగా ఉంటుంది, తాకితే నెత్తురు చిమ్ముతుంది. చచ్చింది తడిసిన అట్టముక్కలా ఉంటుంది. అట్టముక్క కనిపించినంత మేరా తీసేస్తూ పోవాలి.

లోపల దొరికినవి ఒక స్టీలు గిన్నెలో వేసి చూపించారు. పసుపు ముద్దలు, పట్టు పీలికలు, సన్నగా మెరిసే తీగెలు.

"అసలు జరీయే అది. చూడు, నల్లబడలేదు" అంది అమ్మ.

తర్వాత గోడకు ఆనుకుని ఏడ్చింది.

అక్టోబర్ 6, సోమవారం

ఆసుపత్రివాళ్ళు చెప్పాల్సినవాళ్ళకు చెప్పారు. ఎస్సై ఇంటికి వచ్చాడు. మర్యాదస్తుడు, బూట్లు ఎక్కడ విడవాలని అడిగాడు. రివాల్వర్ తీసుకున్నాడు. తూటా రోబోలోంచి ఊడలేదు, దాన్నీ సాక్ష్యంగా తీసుకెళ్ళాడు. దాని మీద కుంకుమ బొట్టు అలాగే ఉంది. నాన్నను స్టేషన్‌కు తీసుకెళ్ళారు. ఎవరి చేతిలో పేలిందని అడిగితే నాన్న వెంటనే నా చేతిలోనే అన్నాడట. నేను ఈ డైరీలో ఇంతవరకూ పేలింది అని మాత్రమే రాశాను. నాన్న చేతిలో పేలింది.

సాయంత్రానికి బెయిలిచ్చి పంపారు. ఇంటికొచ్చి స్నానం చేసి, తిన్నగా ఆసుపత్రికి వచ్చి, వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపలికి మాత్రం రాలేదు.

చుట్టాలు మొదలయ్యారు. అందరూ అడిగేది ఒక్కటే, బుల్లెట్ తీసేశారా అని. అది మొదటిరోజే బయటికొచ్చిందని చెబితే నిరాశపడుతున్నారు. పంచె ముక్కలు తీశారంటే ఎవరూ వినడం లేదు. అనంతపురం నుంచి వచ్చిన పెద్దమ్మ అయితే, బుల్లెట్ ముక్కయినా ఒకటి లోపల ఉందేమో బాగా చూడమ్మా అని డాక్టర్‌నే అడిగింది.

మహేశ్ ఫోను ఎత్తడం లేదు. అతని క్లినిక్ పేజీలో దసరా ఆఫర్ ఇంకా ఉంది.

రెండోసారి తెరిచారు. ఇంకొంత తీశారు. కాలు ఉంది.

అక్టోబర్ 7, మంగళవారం

అన్నకు పూర్తిగా తెలివొచ్చింది. అమ్మతో మాట్లాడాడు, నర్సుతో మాట్లాడాడు. నేను వెళ్తే గోడవైపు తిరిగాడు. గోడ మీద చేతులు శుభ్రంగా కడుక్కోండి అనే బొమ్మ ఉంది. దాన్నే చూస్తూ పడుకున్నాడు.

నాన్న స్టేషన్‌కు వెళ్ళిన సంగతి పెద్దమ్మ చెప్పేసింది.

అక్టోబర్ 8, బుధవారం

మాట్లాడలేదు.

మంచిదే. నాకు మాట్లాడకుండా ఉండేవాళ్ళంటే ఇష్టం.

అక్టోబర్ 9, గురువారం

డ్రెస్సింగ్ మార్చే నర్సు పేరు మమత. సిద్దిపేట పిల్ల, నాకన్నా చిన్నది. నేను గుమ్మంలో నిలబడితే కసిరింది.

"గట్ల దూరం నిలబడ్తే ఎట్లక్కా, జర ఈ లైటు పట్టు. మీ అన్న మస్తు లొల్లి పెడ్తుండు."

లైటు పట్టుకున్నాను. కళ్ళు మూసుకుని పట్టుకున్నాను. అన్న పళ్ళు బిగపట్టి నన్ను తప్ప అందర్నీ తిట్టాడు. నన్ను కూడా తిడితే బాగుండేది.

పైన ఒక అంచు నల్లబడుతోందట. డాక్టర్ రేఖ చూసి, రేపు ఇంకోసారి లోపలికి తీసుకెళ్తానంది. పైకి పాకి ఉంటే కాలు తీసేస్తాను, ముందే చెబుతున్నానండి అని నాన్నతో బెంచీ దగ్గరే చెప్పింది. నాన్న సంతకం చేశాడు. చేసి, పెన్ను ఆమెకు తిరిగి ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

నేను చెప్పకపోతే శనివారమే ప్రాణం పోయేది. పుస్తకంలో అలాగే ఉంది. కానీ చెప్పాల్సింది శనివారం కాదు, గురువారం శ్రీనివాసరావుగారు అడిగినప్పుడూ కాదు, శుక్రవారం ఆ పుస్తకం చదివినప్పుడే. అలాగైతే ఆ నల్లటి అంచు ఉండేది కాదు. ఇది పుస్తకంలో లేదు.

అక్టోబర్ 10, శుక్రవారం

థియేటర్‌లో ఉన్నాడు.

ఇంకా అక్కడే ఉన్నాడు.

అక్టోబర్ 11, శనివారం

నిన్న ఆ అంచు తీసేశారు. కాలు ఉంచారు. కొత్తగా నల్లబడకపోతే ఇక గండం గడిచినట్టే, ఈ రోజు డ్రెస్సింగ్ విప్పితే తెలుస్తుందని డాక్టర్ రేఖ చెప్పి వేరే ఆపరేషన్‌కు వెళ్ళింది.

మమత గుడ్డలు విప్పింది. అమ్మ కాళ్ళవైపు నిలబడి చూడకుండానే బాగుంది నాయనా, బాగుంది అంటోంది. పెద్దమ్మ కూడా బాగుంది అంది, ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. అన్న పైకప్పుకేసి చూస్తూ కాసేపు విన్నాడు. తర్వాత నావైపు తల తిప్పాడు.

"అందరూ బాగుండాది అంటాండారు. నువ్వు చెప్పు."

వారం రోజులకు నాతో అన్న మొదటి మాట. లైటు దగ్గరికి తెచ్చి, కళ్ళు తెరిచి, పైనుంచి కిందిదాకా చూశాను. తొందరపడలేదు. అట్టముక్క రంగు కోసం వెతికాను.

"దరిద్రంగా ఉంది" అన్నాను. "మాంసం కొట్టు బల్ల లాగా ఉంది. అంతా ఎర్రగా ఉంది."

"అంతా?"

"అంతా."

"నల్లగా యాడా లేదా?"

"లేదు. మమత దూదితో తుడిచినచోటల్లా నెత్తురు వస్తోంది."

అమ్మ అయ్యో అంది. అన్న నవ్వాడు. నెత్తురు వస్తోందంటే నవ్వేవాణ్ణి మొదటిసారి చూశానని మమత అంది. నవ్వితే తొడ కదిలి నొప్పి పుట్టింది, కొంచెం అరిచాడు. గాయానికి తగినంతే.

తర్వాత అన్నాడు, "నాయనను లోపలికి పిలువు."

పిలిచాను. నాన్న వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అన్న రమ్మని చెయ్యి ఊపితే మంచం దాకా వచ్చాడు. కళ్ళు మాత్రం సెలైన్ సీసా మీద పెట్టాడు. అందులో ఎంత మిగిలిందో చదువుతున్నట్టు నిలబడ్డాడు.

"నాయనా, కిందికి చూడు."

నాన్న చూడలేదు.

"ఎర్రగా ఉండాదంట. పాప చెప్పింది. చూడు."

నాన్న చూశాడు. పెద్దమ్మ కూడా కిటికీ వదిలి చూసింది.

"జర పక్కకు జరుగున్రి అంకుల్, వెలుతురు పడ్తలేదు" అంది మమత.

నాన్న పక్కకు జరిగాడు. చూపు మాత్రం తిప్పలేదు.